నా బరువెత్తు చేపలు

బాంబూఫ్లాట్ ఫెర్రీలో నేను కుడిపక్క కూర్చుంటే బోటు తాళ్ళు కట్టే లాస్కరు పరిగెత్తుకుంటూ వచ్చి, "భయ్యా, కాస్త మధ్యలోకి జరుగు, లేకపోతే ఈ బోటు అవతలి జెట్టీకి చేరదు, అడుక్కి చేరుతుంది" అంటాడు. నిజానికి అతను ఎప్పుడూ అనలేదు. అన్నాడని నేనే చెప్తుంటాను. ఇరవయ్యేళ్ళుగా పెళ్ళిళ్ళలో, చేపల రేవులో, టికెట్ల క్యూలో, కొత్తవాళ్ళు ఎవరు కనబడినా ముందు ఈ జోకు వేసి నవ్వించేస్తాను. వాళ్ళు నా పొట్ట వైపు చూసేలోపు నేనే చూపించేస్తే ఇద్దరికీ పని తేలిక. ఇదిగో, ఇక్కడ కాగితం మీద పెట్టేశాను. ఇక దీన్ని వదిలేస్తున్నాను. ఎందుకు వదిలేస్తున్నానో చెప్పడానికే ఈ రాత.

చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. తెలుగు అక్షరాలు మా అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి, బొగ్గుముక్కతో నేల మీద దిద్దించింది. అందుకని నా రాతలో అక్కడక్కడా చేపల పులుసు వాసన వస్తే సర్దుకోండి.

మా అమ్మా నాన్నా భీమిలి అవతల ఒక పల్లె నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. నేను ఇక్కడే పుట్టాను. పుట్టినప్పుడు వేలెడు కవ్వచేపంత ఉన్నానట. రెండో ఏట జ్వరం పట్టుకుని వదల్లేదు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు, అంతలా చిక్కిపోయానట. అప్పుడు మా అమ్మ గంగమ్మ తల్లికి మొక్కుకుంది: పిల్లాడు బతికితే, వాడు పెద్దవాడై పడవెక్కేదాకా, ఏటా వాడి పుట్టినరోజున వాడి బరువెత్తు చేపలు వీధికి పంచుతానని.

నాన్న ఆ సంగతి అందరికీ చెప్పుకుని ఏడ్చేవాడు. "మొక్కు ఆవిడది, వల నాది. మొక్కేముందు ఒక్క మాట అడగొద్దా?"

"అడిగితే కవ్వలతో సరిపెట్టమంటావని అడగలేదు" అనేది అమ్మ.

జ్వరం తగ్గింది. నేను బతికాను. అసలు కథ అక్కడ మొదలైంది.

రేవులో, పాక దూలానికి పెద్ద కాటా ఒకటి వేలాడుతుండేది. మోకు తాళ్ళకి రెండు చెక్కపళ్ళేలు. ఒక పళ్ళెంలో చేపలు పోసి, రెండోదాంట్లో రాళ్ళు పెట్టేవారు. నా పుట్టినరోజున మాత్రం రాళ్ళు తీసేసి నన్ను కూర్చోబెట్టేవారు. తలంటు పోసుకుని, నుదుట బొట్టుతో, కొత్త నిక్కరుతో, కాళ్ళు మడుచుకుని కూర్చునేవాణ్ణి. అవతలి పళ్ళెంలో నాన్న ఒక్కో చేప వేసేవాడు. ఒక కోనెం. ఇంకో కోనెం. నేను కొంచెం పైకి లేచేవాణ్ణి. ఒక సూర వేస్తే ఒక్క ఊపు. తర్వాత గుప్పెడు గుప్పెడు కానాగంతలు, రెండు పళ్ళేలూ ఒక మట్టానికి వచ్చేదాకా. ముందేమో వాసన, తర్వాత ఈగలు. అయినా ఆ ఊగడంలో ఎంత దర్జా ఉండేదో! నన్ను ఎవరైనా "ఎంత బరువున్నావురా?" అనడిగితే కిలోలు తెలిసేవి కాదు నాకు. "ఒక సూర, రెండు కోనేలు, గంపెడు కానాగంతలు" అని చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో నా బరువుకి అంకె లేదు.

ఇప్పుడు మా వీధి గురించి ఆలోచించండి. మాది కాక ఆరిళ్ళు. ఒక బెంగాలీ ఇల్లు, రెండు తమిళ ఇళ్ళు, ఒక మలయాళీ ఇల్లు, ఒక రాంచీ వాళ్ళది, ఇంకొకటి మా శ్రీకాకుళం వాళ్ళది. ఈ ఆరిళ్ళకీ ఒక సంగతి స్పష్టంగా తెలుసు. ఈ పిల్లాడు ఎంత లావైతే మనకి అన్ని చేపలు.

ఇక పెట్టడం మొదలెట్టారు. పొద్దున్న తమిళ ఇంట్లో ఇడ్లీలు. బడికెళ్తుంటే మలయాళీ ఇంటి ఆంటీ ఉడికించిన కర్రపెండలం చేతిలో పెట్టేది. సాయంత్రం బెంగాలీ కాకిమా, అంటే మా పక్కింటి పిన్నిగారు, కొబ్బరి లడ్డూలు పట్టుకుని గేటు దగ్గర కాపు కాసేది. "ఖా లే బేటా, ఖా లే. పుట్టినరోజు వస్తోంది." ఇంటికొస్తే అమ్మ సరేసరి. అప్పట్లో ఓడ ఆలస్యమైతే ఊళ్ళో బంగాళదుంపలుండేవి కావు, ఉల్లిపాయలుండేవి కావు. అందుకని ఉన్నరోజున రెండు రోజులది తినిపించేది. తినిపించాక బుగ్గలు పట్టుకుని నొక్కి చూసేది, కొట్లో సొరకాయ చూసినట్టు. ఆ నొక్కుడులో ఎంత ధైర్యం ఉండేదో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. వేళ్ళకి ఎముక తగలకపోతే ఆవిడకి ఆ పూట నిద్ర పట్టేది.

నాకు పదేళ్ళొచ్చిన ఏడు కాటా దగ్గర ఒక చిత్రం జరిగింది. రెండు సూరలు వేశారు. నేను లేవలేదు. ఇంకో కోనెం వేశారు. ఊహూ. నాన్న దగ్గరికొచ్చి నన్ను పైకీ కిందకీ చూసి, నా నిక్కరు జేబులో చెయ్యి పెట్టాడు. వల అంచుకి కట్టే సీసం గుళ్ళు, రెండు జేబుల నిండా! పొద్దున్నే కాకిమా దగ్గరికి పిలిచి, "ఎవరికీ చెప్పకు, రెండు లడ్డూలు ఎక్కువిస్తా" అని నింపింది. నేను రెండు లడ్డూలకి మా నాన్నని అమ్మేశాను.

నాన్న ఆ గుళ్ళని అరచేతిలో పెట్టుకుని కాకిమా వైపు చూశాడు. కాకిమా ఆకాశం వైపు చూసింది. నాన్న గుళ్ళని మళ్ళీ నా జేబులో పోసేశాడు. "పోన్లే, మొక్కులో తూకం తగ్గకూడదు" అని ఇంకో కోనెం వేశాడు. వీధంతా ఘొల్లుమంది. అంత నవ్వు మధ్యలో, గాల్లో ఊగుతూ, నేనంత సుఖంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

బడిలో మాత్రం కథ వేరు. పిల్లలు నన్ను డుగాంగ్ అనేవారు. అదే, సముద్రంలో గడ్డి మేసే ఆ లావుపాటి జంతువు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తెలివొచ్చింది. క్లాసులోకి వెళ్తూనే, "డుగాంగ్ వచ్చింది, గడ్డి పెట్టండి" అని నేనే అరిచేవాణ్ణి. నవ్వేవారు. నేనే అనేశాక వాళ్ళకి అనడానికేం మిగల్లేదు. నా వ్యాపారం అప్పుడు మొదలైంది. చేపల వ్యాపారం తర్వాతిది.

కాలం ఊరుకోదు కదా. నాకు పెళ్ళయింది. ఎనిమిదేళ్ళు ఎదురుచూశాక ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పటికి అమ్మా నాన్నా లేరు. మొక్కు గుర్తుచేసింది కాకిమాయే. కర్ర పట్టుకుని వచ్చి పిల్లని ఎత్తుకుని, "ఏమిరా, మీ అమ్మ మొక్కు ఈ తల్లికి లేదా?" అంది. చేపల మీద ఆశో, మా అమ్మ మీద ప్రేమో నేను అడగలేదు. రెండూ అయ్యుంటాయి.

అలా ఏటా మా అమ్మాయి కూడా కాటా ఎక్కేది. చిన్నప్పుడు ఎంత సరదానో దానికి! వారం ముందు నుంచీ, "నాన్నా, ఈసారి నేనెన్ని కోనేలు?" అని లెక్కలు. దానికీ వీధి పెట్టింది. కాకిమా లడ్డూలు పెట్టింది. నేనైతే ఫీనిక్స్ బే జెట్టీలో దీవులకెళ్ళే బోటుకి చేపల ఐసు పెట్టెలు ఎక్కించి వస్తూ రోజూ ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాణ్ణి. జిలేబీలో, సమోసాలో, చిప్సు పొట్లాలో. నీళ్ళ మీద తిరిగేవాడు సాయంత్రం ఇంటికి ఖాళీ చేతుల్తో వస్తే నాకెందుకో తప్పు చేసినట్టుండేది.

ఈ ఏడాది మొదట్లో దాని బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఒక డాక్టరమ్మ వచ్చింది. లావు పిల్లల గురించి హిందీలో చెప్పింది. చిప్సు, కూల్ డ్రింకు, ఫోను, అన్నీ చెప్పి, చివర్లో చేతులు కట్టుకుని, "బచ్చోఁ కీ గల్తీ నహీ హై. గల్తీ ఆప్ కీ హై" అంది. పిల్లల తప్పు కాదు, మీ తప్పు. అందరం నేల చూపులు చూశాం. నేను చూసిన చోట నా జిలేబీ పొట్లం ఉంది, పాకం కారుతూ.

ఊరుకోవచ్చు కదా. చెయ్యెత్తాను. "మేడమ్, మరి నా కేసులో ఎవరిని పట్టుకుంటారు? అమ్మా నాన్నా పోయారు. మిగిలింది మా వీధి. వీధికి నోటీసు పంపండి." అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. నేను గెలిచినట్టు ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పాను.

మా ఆవిడ నవ్వలేదు. "నువ్వు నవ్వించి వచ్చేశావయ్యా. రేపు ఆ మాటలన్నీ పడేది నేను. వండేది నేను కదా, అందరూ నా చెయ్యే చూస్తారు. జిలేబీలు తెచ్చే చెయ్యి ఎవరికీ కనబడదు."

తర్వాతి నెలలో మా అమ్మాయికి పన్నెండు నిండాయి. ఈసారి అది కాటా వద్దంది. "వద్దు నాన్నా, సిగ్గుగా ఉంది." "మొక్కమ్మా, తప్పకూడదు" అన్నాను. మొక్కంటే ఏం మాట్లాడుతుంది? వచ్చింది.

రేవులో ఇప్పుడు ఆ పాత కాటా లేదు. ఎలక్ట్రానిక్ కాటా. ఎక్కితే ఎర్ర అంకెలు వెలుగుతాయి, బజార్లో సగానికి కనబడేలా. మా అమ్మాయి చెప్పులిప్పి ఎక్కింది. అంకెలు గబగబా పరిగెత్తి ఒకచోట ఆగాయి. అందరూ అటు చూశారు. నిశ్శబ్దం దొరికితే నా నోరు ఊరుకోదు.

"వచ్చే ఏడు కాటా చాలదర్రా," అన్నాను, "హార్బర్ నుంచి క్రేన్ తెప్పించాలి!"

ఎంత నవ్వారో! నేను నవ్వుల వైపు చూస్తున్నాను. తిరిగి చూసేసరికి కాటా మీద సున్నా ఉంది. పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని, ఇసకలో వెనక్కి తిరక్కుండా నడిచిపోతోంది.

చేపలు పంచాను. మర్నాడు అది బడికి వెళ్ళలేదు. కడుపునొప్పంది. ఆ మర్నాడూ కడుపునొప్పే. మూడోనాడు వాళ్ళమ్మ అసలు సంగతి లాగింది. సోమవారం బళ్ళో పిల్లలందరికీ ఎత్తూ బరువూ చూస్తారట. ఒక టీచరమ్మ తూచి పేరు పిలిచి గట్టిగా చదివితే, ఇంకో టీచరమ్మ రాసుకుంటుందట. క్లాసంతా వింటుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇసక మీదికి లాగిన డింగీ పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాను. అది వచ్చి పక్కన కూర్చుంది. సీసం గుళ్ళు అందిస్తూ, మామూలుగా, కొత్తిమీర తెమ్మన్నట్టుగా అంది.

"నాన్నా, నేను బడి మానేస్తాను."

"మానేసి?"

"నీతో చేపల కొట్లో కూర్చుంటాను. నువ్వూ ఏడులోనే మానేశావు కదా. నీకేమయింది? బాగానే ఉన్నావు."

నా దగ్గర దీనికి తయారుగా ఒక జవాబుంది. నేను బడిని వదల్లేదు, బడే బెంచీలు విరుగుతున్నాయని నన్ను వదిలేసింది. ముప్ఫయ్యేళ్ళు చెప్పిన జవాబు. నాలుక దాకా వచ్చింది కూడా. దాని మొహం చూసి ఆగిపోయాను. అది నిజంగానే అడుగుతోంది. నేను ఏం చెప్తే అది చేస్తుంది.

"నేనెందుకు మానేశానో నీకు తెలుసా?" అన్నాను.

"తాతయ్యకి పడవ మీద మనిషి కావాలని."

"అది అందరికీ చెప్పింది."

అప్పుడు చెప్పాను. మా ఆవిడకి కూడా చెప్పని సంగతి. ఏడో తరగతిలో ఒకరోజు బడికి బరువు చూసే మిషను తెచ్చారు. నేను పరిగెత్తి ముందు నిలబడ్డాను. బరువు చూడటమంటే నాకు పండగే కదా! బొట్టు లేదు, కానాగంతల్లేవు, అంతే తేడా అనుకున్నాను. ఎక్కాను. మాస్టారు వంగి చూసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూసి, గట్టిగా చదివారు. మొదటిసారి నా బరువుకి ఒక అంకె వచ్చింది. క్లాసంతా ఆ అంకెని పట్టుకుని పాటలా పాడింది.

"నువ్వేం చేశావు?" అంది మా అమ్మాయి.

"నేనూ నవ్వాను. వాళ్ళకన్నా గట్టిగా."

"మరి?"

"మర్నాటి నుంచి వెళ్ళలేదు. మీ తాతయ్య ఒక్కసారి అడిగాడు, ఇక వెళ్ళవా అని. వెళ్ళనన్నాను. అయితే వల పట్టమన్నాడు. మొక్కు తీరిపోయిందని మీ మామ్మ ఒకపక్క దణ్ణం పెట్టింది, ఒకపక్క ఏడ్చింది."

అది కాసేపు గుళ్ళు లెక్కపెట్టింది. "బాగానే ఉన్నావు కదా" అని మళ్ళీ అనలేదు. ఇంకో గుండు అందిస్తూ, "రేపు కూడా అలాగే చదువుతారు నాన్నా" అంది.

"నేనొస్తాను" అన్నాను.

సోమవారం మొదటి ఫెర్రీకి ఇద్దరం బయల్దేరాం. బడి వరండాలో మిషను అప్పటికే పెట్టి ఉంది. దాన్ని చూడగానే నాకే కడుపునొప్పి వచ్చింది. టీచరమ్మ నాకన్నా చాలా చిన్నది. "బోలియే అంకుల్" అంది. ఒక మంచి జోకు తయారుగా ఉంది. మింగాను. జిలేబీకన్నా కష్టంగా దిగింది.

"బరువులు గట్టిగా చదవకండి మేడమ్. తూచినవాళ్ళే రాసుకోండి. పిల్లకి కావాలంటే కాగితం మడిచి ఇవ్వండి."

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "అంతేనా? త్వరగా అయిపోతుందని అలా చదువుతాం అంకుల్. ఎవరూ వద్దని అడగలేదు, అందుకే." పెన్ను తీసి రెండో టీచరమ్మని పిలిచి చెప్పేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. ఎవరూ అడగలేదట. మా నాన్న బడి గడప తొక్కినవాడు కాదు. నేను చెప్తే వచ్చేవాడేమో, పళ్ళెంలో ఇంకో కోనెం వేసినంత తేలిగ్గా ఆ మాట అడిగేసేవాడేమో. నేనే చెప్పలేదు.

తప్పు ఎవరిదని డాక్టరమ్మ మళ్ళీ అడిగితే నేను జిలేబీ పొట్లం ముందు పెట్టి ఒప్పేసుకుంటాను. తేవడం మానేశాను కూడా. ఇప్పుడు సాయంత్రాలు మా అమ్మాయీ నేనూ డింగీ నీళ్ళలోకి తోసి రెండు చుట్లు తెడ్లేస్తున్నాం, ఇద్దరం రొప్పుతూ. కానీ మా అమ్మ వేళ్ళు నా బుగ్గల్లో ఎముక కోసం వెతికిన వెతుకులాటని తప్పుల్లో రాయమంటే నా చెయ్యి ఆడదు. కాకిమా సీసం గుళ్ళు కూడా రాయలేను. మొన్న ఆవిడ దగ్గర కూర్చుని, "డాక్టరు తిట్టాల్సింది నిన్ను, నా జేబులు నింపావు" అంటే, పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. "ఏం చేపలురా అవి!" అంది.

ఆ సోమవారం సాయంత్రం బడి వదిలాక తిరుగు ఫెర్రీ ఎక్కాం. మడిచిన కాగితం దాని సంచీలో ఉంది. చూపించలేదు, నేను అడగలేదు. మొహం తేలిగ్గా ఉంది. రేపటి హోంవర్కు గురించి విసుక్కుంటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదుటి బెంచీ మీద దీవులు చూడ్డానికి వచ్చిన మొగుడూ పెళ్ళాం ఎవరో కూర్చున్నారు. కొత్త మొహాలు, పైగా మనసు బాగుంది. ఇంకేం, మొదలెట్టాను: కుడిపక్క కూర్చుంటే లాస్కరు పరిగెత్తుకొస్తాడు, బోటు అడుక్కి చేరుతుంది, అన్నీ చెప్పాను. వాళ్ళు పడీ పడీ నవ్వారు. నవ్వుతూ నన్ను చూశారు. తర్వాత నా పక్కన కూర్చున్న మా అమ్మాయిని చూశారు.

అది నీళ్ళ వైపు తిరిగింది.

నేను దాని చెవి దగ్గరికి వంగి, కాస్త గొప్పగానే చెప్పాను. "చూశావా, నీ మీద జోకులు మానేశాను. ఇది మొత్తం నా మీదే."

అది నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా అంది. "నీ మీదే వేసుకో, నాన్నా. పక్కన కూర్చునేది మాత్రం నేనే కదా."